ఒకవాంగో డెల్టాకు ప్రపంచ వారసత్వ హోదా ఉంది కదా, ఇంకా ముప్పు ఎక్కడిది? కాపాడాలంటే ముందుగా ఏం చేయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: బోట్స్వానాలో కలహారి ఇసుక నేలల మధ్య ఉన్న ఒకవాంగో డెల్టా 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యవ స్థలంగా చేరింది, అంతకు చాలా ముందు నుంచే అందులో మొరేమి అభయారణ్యం ఉంది, చుట్టుపక్కల జనాభా తక్కువ, పెద్ద పరిశ్రమలు లేవు. మరి అలాంటి చిత్తడి నేలకు ముప్పు ఎక్కడి నుంచి వస్తుంది? చుట్టూ కంచె వేసి కాపలా పెంచితే సరిపోదా? చేతిలో ఉన్న డబ్బును ముందుగా దేని మీద ఖర్చు పెట్టాలి?

సూటిగా చెప్పాలంటే, ఒకవాంగోను కాపాడడమంటే ముందుగా అంగోలాలో దానికి నీరిచ్చే నదిని కాపాడడం. డెల్టాలోకి వచ్చే నీరు ఎంత అన్నది ఒక్కటే కాదు, అది ఏ నెలలో వస్తుంది, తనతో పాటు ఇసుకను తెస్తున్నదా లేదా, వచ్చాక తన దారిని తానే మార్చుకునే స్వేచ్ఛ దానికి ఉందా అన్నవి కూడా అంతే ముఖ్యం. అభయారణ్యపు సరిహద్దు, కాపలా, వేట నియంత్రణ అన్నీ అవసరమే, కానీ అవి రెండో వరసలోవి. కంచె విషయం కొంచెం చిక్కైనది కాబట్టి దానికి విడిగా వస్తాను.

నేను నీటి వనరుల ఇంజినీరును. డెల్టా దక్షిణపు అంచున ఉన్న మౌన్ పట్టణం కేంద్రంగా కొన్నేళ్లపాటు డెల్టా పాయల్లో ప్రవాహాన్ని కొలిచే పని చేశాను. అందువల్ల సింహాలు, వేటకుక్కల కంటే నీటి గురించే ఎక్కువ చెబుతాను. జంతువుల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు, నీటి గురించి రాసేవారు తక్కువ.

ముందు ఆ నీటి లెక్క చూడండి. అంగోలా మధ్య పీఠభూమిలో నవంబరు నుంచి మార్చి దాకా కురిసే వాన క్యుబాంగో, క్యుయిటో అనే రెండు నదులుగా దక్షిణానికి దిగుతుంది. అవి నమీబియా సరిహద్దు దగ్గర కలిసి, మొహెంబో వద్ద బోట్స్వానాలో అడుగుపెట్టి, సుమారు వంద కిలోమీటర్ల ఇరుకైన లోయ దాటాక విసనకర్రలా విప్పారతాయి. ఏటా సగటున పది ఘన కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూగా, అంటే మన లెక్కలో 350 టీఎంసీలకు దగ్గరగా నీరు లోపలికి వస్తుంది. ఇది ఇప్పటి నాగార్జునసాగర్ జలాశయం పూర్తి సామర్థ్యం కంటే ఎక్కువ. ఇందులో సముద్రానికి ఒక్క చుక్క కూడా చేరదు. దాదాపు అంతా ఆవిరిగానూ, మొక్కల ఆకుల గుండానూ గాలిలో కలిసిపోతుంది. భూగర్భంలోకి ఇంకేది, మౌన్ దాటి బోటేటి నదిలోకి పోయేది కలిపినా నూటికి నాలుగైదు పాళ్లు మించదు.

నేల వాలు కిలోమీటరుకు సుమారు ఒక అడుగు. అందుకే మొహెంబోలో ఏప్రిల్ ప్రాంతంలో పతాక స్థాయికి చేరే వరద మౌన్ చేరేసరికి జూన్, జూలై అవుతుంది. అప్పటికి అక్కడ వానలు ఆగి నెలలు గడిచి, గడ్డి ఎండి, వాన నీటి గుంటలన్నీ ఇంకిపోయి ఉంటాయి. ఆకాశంలో మబ్బు తునక లేని చలికాలపు ఉదయం, ఎండిన పాయలో నీటి నాలుక మనిషి నడక కంటే నిదానంగా పాకుతూ వస్తుంది. దాని అంచున ఎండుటాకులు, చీమలు, జింక పేడ తేలుతుంటాయి. ఇసుక సందుల్లోంచి గాలి బుడగలు టపటపమని లేస్తాయి. నేలలోంచి తోసుకువచ్చే పురుగులను తినడానికి కొంగలు నీటికి ముందే నడుస్తుంటాయి. కరువు నెలల్లో వచ్చే ఈ వరద వల్లనే కలహారి నలుమూలల నుంచి ఏనుగులు, అడవిదున్నలు, జీబ్రాలు ఇక్కడికి చేరతాయి. వరద తగ్గిన నెలల్లో ఆరు వేల చదరపు కిలోమీటర్లు ఉండే తడి నేల మంచి వరద ఏడాదిలో పన్నెండు వేల దాకా విస్తరిస్తుంది. ఇదే నీరు మొత్తం తగ్గకుండా రెండు నెలలు ముందుగా వచ్చినా, ఏడాది పొడవునా సమంగా పంచినట్టు వచ్చినా, ఈ ఏర్పాటంతా దెబ్బతింటుంది. ఆనకట్టలు కట్టేవారు "నీరు తగ్గించం, క్రమబద్ధం చేస్తాం అంతే" అంటారు. ఈ డెల్టాకు సంబంధించినంతవరకు ఆ క్రమబద్ధం చేయడమే నష్టం.

ఇప్పుడు ఉప్పు సంగతి. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. నదితో పాటు కరిగిన లవణాలు ఏటా లక్షల టన్నులు లోపలికి వస్తాయి. నీరంతా ఆవిరైపోయే చోట ఆ లవణాలన్నీ మిగిలిపోవాలి, డెల్టా ఎప్పుడో చౌటి మడుగుగా మారిపోవాలి. కానీ పాయల్లో నీరు మంచినీరే, దోసిలితో తాగవచ్చు. మరి ఉప్పు ఎక్కడికి పోతున్నది?

ఏదైనా ఒక లంక మీదికి దిగి, అంచు నుంచి మధ్యకు నడిస్తే జవాబు కాళ్ల కింద కనిపిస్తుంది. నీటి ఒడ్డున అత్తి, తుమికి జాతుల పెద్ద చెట్లు చిక్కగా ఉంటాయి. కొన్ని అడుగులు లోపలికి వేస్తే ఈత, తాటి జాతులవి మొదలవుతాయి. ఇంకొంచెం లోపల చెట్లు పోయి, చౌడుకు ఓర్చుకునే పొట్టి, బిరుసు గడ్డి ఒక్కటే ఉంటుంది. నట్టనడుమ అదీ లేదు, తెల్లగా పొడిబారిన చౌటి పొర మాత్రం చెప్పుల కింద కరకరలాడుతుంది. అంచునున్న చెట్లు రాత్రింబవళ్లు నీటిని వేళ్లతో పైకి తోడుతుంటే, చుట్టూ ఉన్న నీరు లంక కిందికి ఊరుతూ వచ్చి తన ఉప్పును అక్కడే వదిలేస్తుంది. వేల లంకలు ఇలా ఉప్పును తమ కింద దాచుకోబట్టే పాయల్లో నీరు తియ్యగా ఉంటుంది. ఈ లంకల్లో చాలా వాటికి మూలం చెదపుట్ట. వరదకు మునగని పుట్ట మీద ఒక పక్షి రెట్టలో విత్తనం పడి చెట్టు మొలిస్తే, అక్కడి నుంచి లంక పెరగడం మొదలవుతుంది.

అయితే ఒకే చోట ఉప్పు తరాల తరబడి పేరుకుంటే లంక అంచు చెట్లు కూడా చివరికి చస్తాయి. దానికి మందు నది దగ్గరే ఉంది, అది ఇసుక. నది ఏటా పెద్ద ఎత్తున ఇసుకను అడుగున దొర్లించుకుంటూ తెచ్చి పాయల్లో పరుస్తుంది. పాయ అడుగు మెల్లగా పైకి లేస్తుంది, ఒడ్డున పపైరస్ తుంగ ఒత్తుగా పెరిగి నీటి దారిని ఇరుకు చేస్తుంది, ఒకనాటికి ఆ పాయ మూసుకుపోయి నీరు మరో వైపు తిరుగుతుంది. వదిలేసిన చోట కుళ్లిన తుంగ పొరలు ఎండి, నిప్పంటుకుని, ఏళ్ల తరబడి నేల కిందే కాలుతాయి. తర్వాత వానలు పేరుకున్న ఉప్పును కిందికి కడిగేస్తాయి, నేల మళ్లీ సారవంతం అవుతుంది. పశ్చిమాన ఉన్న థావోగే పాయ 19వ శతాబ్దంలో న్గామి సరస్సు దాకా నీరు మోసేది, ఆ శతాబ్దం ముగిసేలోపు మూసుకుపోయింది. అది విపత్తులా కనిపించినా, ఆ నేల ఆరోగ్యానికి అవసరమైన మార్పే.

ఇందుకే ఎగువన ఆనకట్ట అనగానే మాలాంటివాళ్లం నీటి కంటే ముందు ఇసుక గురించి అడుగుతాం. ఆనకట్ట వెనక ఇసుక ఆగిపోతే, ఆకలిగొన్న నీరు దిగువ పాయలను లోతుగా కోసుకుంటుంది. కోసుకున్న పాయ దారి మారదు. పాయ దారి మారకపోతే ఉప్పు ఒకేచోట పేరుకుపోతుంది. ఆ నష్టం రెండు మూడు తరాల తర్వాత గాని బయటపడదు. ఆనకట్ట అనుమతి పత్రం మీద సంతకం చేసేవారి పదవీకాలంలో ఎప్పుడూ కనబడదు. నమీబియాలో పోపా జలపాతం వద్ద చిన్న జలవిద్యుత్ ప్రాజెక్టు ప్రతిపాదన వచ్చినప్పుడు అసలు చర్చ కిలోవాట్ల మీద కాకుండా ఇసుక మీద జరగడానికి కారణం అదే.

రెండు ఎగువ నదులనూ ఒకే గాట కట్టకండి. క్యుబాంగో రాతి నేలల మీదుగా వేగంగా వచ్చి వరద పోటును ఇస్తుంది. క్యుయిటో లోతైన ఇసుక నేలల్లోనూ తుంగ కుళ్లిన బుగ్గల్లోనూ ఇంకి, నెలల తర్వాత ఊటగా బయటకు వస్తుంది. ఎండు నెలల్లో మొహెంబో వద్ద నది ఆగకుండా పారుతున్నదంటే అది ప్రధానంగా క్యుయిటో చలవే. క్యుబాంగో వైపు పరిమితంగా, వరద నెలల్లో తోడుకునే సాగుకు డెల్టా కొంత తట్టుకోగలదు. క్యుయిటో మీద ఎండాకాలంలో పంపులు పెట్టినా, దాని పైనున్న అడవిని నరికి కాల్చినా తట్టుకోలేదు. ముప్పును అంచనా వేసేటప్పుడు చాలా నివేదికలు మొత్తం నీటిలో ఎంత శాతం తీసుకుంటారన్నదే చూస్తాయి. ఏ నది నుంచి, ఏ నెలలో అన్నది చూడకపోతే ఆ శాతానికి అర్థం లేదు.

ఇదంతా ఊహ కాదనడానికి ఆఫ్రికాలోనే ఉదాహరణ ఉంది. కామెరూన్ ఉత్తర భాగంలో, సహారాకు దిగువన, లోగోన్ నది వరద మైదానం పక్కన వాజా జాతీయ ఉద్యానం ఉంది. 1979లో వరి సాగు కోసం మాగా ఆనకట్ట, దానితో పాటు నది గట్లు కట్టారు. ఉద్యానం సరిహద్దు అంగుళం కూడా తగ్గలేదు, కాపలావాళ్లు అలాగే ఉన్నారు. కానీ వరద రావడం మానేసింది. బహువార్షిక గడ్డి పోయింది, చేపల వేట, పశువుల మేత దెబ్బతిన్నాయి, కోబ్ జింకల సంఖ్య పడిపోయింది. 1994లో మూసిన ఒక పాయను తిరిగి తెరిచి ప్రయోగాత్మకంగా వరదను వదిలినప్పుడు ఆ గడ్డి మళ్లీ రావడం మొదలైంది. అందులో ఆశ కలిగించే భాగం కూడా అదే: సమయానికి నీరు వదిలితే నేల కొంతవరకైనా కోలుకుంటుంది.

చట్టం, ఒప్పందాలు ఎంతవరకు పనికొస్తాయి? అంగోలా, నమీబియా, బోట్స్వానా కలిసి 1994లో ఒకాకామ్ అనే శాశ్వత నదీ కమిషన్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. డెల్టా 1990ల చివరి నుంచి రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేల కూడా. ఒకాకామ్ సలహా ఇవ్వగలదు గాని ఆజ్ఞ ఇవ్వలేదు. అయినా దాన్ని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. మూడు దేశాల ఇంజినీర్లు ఒకే ప్రవాహ లెక్కలను ఒప్పుకుని ఒకే బల్ల ముందు కూర్చోవడమే పెద్ద విషయం. 1996–97 కరువులో నమీబియా తన రాజధాని దాహం తీర్చడానికి నది ఒడ్డునున్న రుండు పట్టణం నుంచి పైపులైను వేయాలనుకున్నప్పుడు తీసుకునే నీరు మొత్తంలో ఒక శాతంలో చిన్న భాగమే. గొడవ ఆ పరిమాణం గురించి కాదు, అడగకుండా తోడుకోవచ్చన్న సంప్రదాయం మొదలవుతుందన్న భయం గురించి. వానలు పడ్డాయి, పథకం పక్కకు పోయింది, కానీ ముందుగా చెప్పి చర్చించాలన్న పద్ధతికి అప్పటి నుంచి బలం వచ్చింది.

బోట్స్వానా లోపల జరిగినది కూడా తెలుసుకోవాలి. 1970ల మొదట్లో ఒరాపా వజ్రాల గనికి నీటి కోసం దిగువ బోరో పాయను యంత్రాలతో తవ్వి నిటారు చేశారు. తర్వాత 1980ల చివర్లో ప్రభుత్వం మరింత తవ్వకం, జలాశయాలు, సాగుతో ఇంకా పెద్ద పథకం తలపెట్టింది. 1991 జనవరిలో మౌన్ కొగోట్లాలో, అంటే గ్రామ పెద్దల సమక్షంలో అందరూ మాట్లాడే బహిరంగ సభలో, జనం లేచి దాన్ని వ్యతిరేకించారు. పాత తవ్వకం తర్వాత తమ చేపల వేటకు, వరద తీశాక తడి నేలలో వేసుకునే మొలాపో సేద్యానికి ఏమైందో వారికి తెలుసు. ప్రభుత్వం పథకాన్ని ఆపి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ చేత స్వతంత్ర సమీక్ష చేయించి, చివరికి విరమించుకుంది. అసలు మొరేమి అభయారణ్యం కూడా 1963లో స్థానిక బతవానా ప్రజలు, వారి పాలకురాలు తమ సొంత వేట భూమిని తామే కేటాయించగా ఏర్పడినదే. ఇక్కడి సంరక్షణలో మిగిలినదంతా ఇటువంటి నిర్ణయాల మీదే నిలిచింది, అందుకే స్థానికులను పక్కకు నెట్టే ఏ ప్రణాళికా నాకు నమ్మకం కలిగించదు.

నా పనిలో ఎదురైన ఒక సందర్భం చెబుతాను. ఒక లాడ్జి యాజమాన్యం తమ పడవల దారిలో పపైరస్ మూసుకుపోయిందనీ నరికి తెరవడానికి అనుమతి కావాలనీ అడిగింది. పాయకు అడ్డంగా తాడు కట్టి, పడవను దాని వెంట జరుపుతూ కొలిచి చూస్తే, ఆ అడ్డు దగ్గర ఆగిన నీరు తుంగ గుండా పక్కనున్న మైదానంలోకి నెమ్మదిగా పోతున్నదని తేలింది. ఆ మైదానంలో లెచ్వే జింకలు మేస్తున్నాయి, పలక రంగు కొంగలు గూళ్లు కట్టుకున్నాయి. వద్దని నివేదిక ఇచ్చాం. అయినా కొంత మేర నరికేశారు. తెగిన పపైరస్ తెప్పలు కొట్టుకుపోయి దిగువ వంపులో చిక్కుకుని మరింత గట్టి అడ్డు కట్టాయి, పక్క మైదానం ఆ ఏడాది తొందరగా ఎండింది. దారులు తెరిచే పనిని నీటిగుర్రాలకు వదిలేయడం మంచిది. అవి రోజూ నడిచే దారులే చాలా పాయలకు మొదలు.

ఇక కంచె. బోట్స్వానాలో కంచెలు వన్యమృగాల కోసం వచ్చినవి కావు, అడవిదున్నల నుంచి పశువులకు గాలికుంటు వ్యాధి సోకకుండా, గొడ్డుమాంసపు ఎగుమతి ఆగకుండా వేసినవి. 1958 నాటి కుకే కంచె మొదలు అవి వలస దారులను కోశాయి. ఒకవాంగో నుంచి మక్గాడిక్‌గాడి చౌటి మైదానాలకు జీబ్రాలు వెళ్లే దారిని 1968లో వేసిన ఒక కంచె మూసింది. 2004లో దాన్ని తీసేశాక, ఆ దారి నడిచిన జీబ్రా ఒక్కటీ బతికి ఉండే అవకాశం లేకపోయినా, కొన్నేళ్లలోనే మందలు మళ్లీ అటు నడవడం పరిశోధకులు గమనించారు. అలాగని కంచెలన్నీ పీకేయమని నేను అనను. డెల్టా దక్షిణ, పశ్చిమ అంచుల్లోని దున్నల కంచె పశువులు లోపలికి రాకుండా కూడా ఆపుతున్నది. ఒకప్పుడు ఆ పని పశువులకు ప్రాణాంతక జబ్బు తెచ్చే ట్సెట్సీ ఈగ చేసేది. 2001, 2002 సంవత్సరాల్లో విమానాలతో మందు చల్లి ఆ ఈగను నిర్మూలించాక పశువులకూ చిత్తడికీ మధ్య మిగిలింది ఆ తీగే. అంచేత ఏ కంచె, ఏ దిక్కున, ఏ దారికి అడ్డం అని ఒక్కొక్కటిగా తేల్చాలి. చుట్టూ గుండ్రంగా కంచె అన్న ఆలోచన మాత్రం పూర్తిగా తప్పు. నీరు ఏటా ఎక్కడిదాకా వస్తుందో తెలియని చోట సరిహద్దు గీత ఎక్కడ గీస్తారు?

మనుషులకూ ఏనుగులకూ మధ్య ఘర్షణ ఎక్కువగా ఉన్నది డెల్టాకు ముందున్న ఆ ఇరుకైన లోయకు తూర్పున, సెరోంగా వైపు. అక్కడ జనం ఎంతమందో ఏనుగులు దాదాపు అన్నే. ఒక్క రాత్రిలో చేను పోతుంది. ఎండు మిరపకాయల పొడిని ఏనుగు పేడతో కలిపి ఇటుకలుగా చేసి, గట్టున పొగ పెట్టడం చూశాను. గాలి అనుకూలిస్తే పని చేస్తుంది, లేకపోతే లేదు. నిలకడగా పని చేసేది ఒక్కటే: ఏనుగులు నీటికి నడిచే దారులను ముందే గుర్తించి, ఆ దారుల మీద పొలాలు కేటాయించకుండా ఉండడం. 2014లో వేట నిషేధం వచ్చినప్పుడు కొన్ని గ్రామ ట్రస్టులకు ఆదాయం పడిపోయింది, 2019లో నిషేధం ఎత్తేశారు. వేట మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, పంట పోయిన రైతుకు వన్యప్రాణి వల్ల ఒక్క రూపాయి కూడా రాని ఏర్పాటు ఎక్కువ కాలం నిలవదు.

మిగతా ముప్పుల గురించి క్లుప్తంగా చెబుతాను. సాల్వీనియా అనే తేలే కలుపును ముక్కుపురుగుల సాయంతో చాలావరకు అదుపులో ఉంచారు, పడవలను ఒక నీటి నుంచి మరో నీటికి మార్చేటప్పుడు తనిఖీ తప్పనిసరి. నమీబియా వైపు పరీవాహక ప్రాంతంలో 2021లో చమురు అన్వేషణ బావులు తవ్వినప్పుడు ప్రపంచ వారసత్వ కమిటీ ఆందోళన వ్యక్తం చేసింది. భూగర్భ జలాలు నదితో ముడిపడి ఉన్న చోట ఆ ఆందోళన న్యాయమైనదే. 2020లో మూడు వందలకు పైగా ఏనుగులు చనిపోయినప్పుడు నీటి గుంటల్లో పెరిగిన సయనోబాక్టీరియా (నీలి-ఆకుపచ్చ నాచు) విషమే కారణమని ప్రభుత్వం ప్రకటించింది. నీరు తగ్గి వేడెక్కే కొద్దీ అలాంటివి పెరగవచ్చు.

ఇక డబ్బు ముందుగా దేని మీద అన్న మీ చివరి ప్రశ్న. నా చేతిలో ఉంటే మొదటి భాగం క్యుయిటో, క్యుబాంగో ఎగువన ప్రవాహాన్నీ ఇసుకనూ కొలిచే కేంద్రాలకు ఇస్తాను. 1975 నుంచి 2002 దాకా సాగిన అంతర్యుద్ధం వల్ల, మందుపాతరల వల్ల అక్కడ దశాబ్దాల లెక్కలు లేకుండా పోయాయి. రెండో భాగం అంగోలా గ్రామాలకే వెళ్లాలి. నీటిలో నూటికి తొంభైకి పైగా పుట్టేది అంగోలాలో, పర్యాటకుల డాలర్లు పడేది బోట్స్వానాలో. యుద్ధంలో చితికిపోయిన ప్రాంతపు రైతును "నీ నదిని ముట్టుకోవద్దు, దిగువన ఏనుగులున్నాయి" అని ఉత్త మాటతో ఆపడం అన్యాయం, పైగా అది జరిగే పని కాదు. ఒకాకామ్ ఆధ్వర్యంలో మొదలైన పరీవాహక నిధి వంటిది బలపడి, అడవి నరకకుండా తేనె, చేపలు, వర్షాధార పంటలతో బతికే దారి అక్కడి కుటుంబాలకు చూపాలి. విద్యుత్తు కావలసిన చోట నీటిని నిలవ చేయని, ఇసుకను ఆపని చిన్న కేంద్రాలకు లేదా సౌర విద్యుత్తుకు అయ్యే అదనపు ఖర్చును దిగువ దేశాలు పంచుకోవాలి. మౌన్‌లో కొత్త గస్తీ వాహనాలు కొనడం దీనికంటే తేలిక, ఫొటోలకూ బాగుంటుంది. కానీ ఒకే చెక్కు రాయగలిగితే నేను దాన్ని ఎగువ అంగోలాలోని మెనోంగే పట్టణం వైపే పంపుతాను.